రెండువందల పన్నెండో సంచి

మూడో పెట్టెలోంచి తీసిన సంచిని ట్యూబులైటు కింద పట్టుకున్న శాంతిప్రియకి, దాని మీది ఫోటోలో దేవత రాతి మీద రక్తం కనిపించింది.

బొటనవేలితో రుద్దింది. పోలేదు. తడిగుడ్డతో గట్టిగా రుద్దింది. గుడ్డకి రంగు అంటలేదు. ఇంకో సంచి తీసింది. అదే చోట అదే ఎరుపు. ఇంకోటి తీసింది. నాలుగో సంచి మీద మరక కాస్త నిండుగా, గుండ్రంగా పడింది. శాంతిప్రియ చర్చికి వెళ్ళే మనిషి, బొట్టు పెట్టుకునే అలవాటు లేదు. అయినా అమలాపురం పక్కన పుట్టి పెరిగిన ఆడదానికి అదేమిటో ఇంకొకరు చెప్పక్కర్లేదు. అది రక్తం కాదు. బొట్టు.

రక్తమే అయితే బాగుండునని ఆ క్షణంలో అనుకుంది. రక్తం ఎవరి వేలో తెగి పడి ఉండొచ్చు. బొట్టు దానంతటది పడదు. ఎవరో ఒకరు పెట్టాలి.

సోమవారం ఉదయం తొమ్మిది దాటింది. దుబాయ్ అల్ ఖూజ్‌లో గోదాముల వరసలో ఉన్న ఆ ప్రింటింగ్ వర్క్‌షాపులో కంపెనీలు పంచిపెట్టే కప్పులు, టీషర్టులు, సంచులు తయారవుతాయి. ఎనిమిదేళ్ళ కిందట షార్జాలో ఇంటిపనికని వచ్చిన శాంతిప్రియ, నాలుగేళ్ళుగా ఇక్కడ ప్యాకింగ్ బల్ల దగ్గర సరుకు పరీక్ష చేస్తోంది. ఆమె సంతకం పడకుండా ఒక్క పెట్టె కూడా గేటు దాటదు.

ఈ ఆరువందల సంచులు బుధవారం దుబాయ్‌లో మొదలయ్యే ట్రావెల్ ఎగ్జిబిషన్ కోసం. వాటి మీద ఉన్నది హవాయి దీవుల్లోని ఒక పాత పూజాస్థలం. పైకప్పు లేదు. నల్లరాళ్ళు పేర్చిన పొట్టి గోడ, వెనకాల సముద్రం, సన్నటి వాన. మధ్యలో మనిషెత్తు రాయి ఒకటి నిలబడి ఉంటుంది. ఫోటో తీసిన నోహెయా ఆ దీవుల మనిషే. పదిరోజుల కిందట స్వయంగా వర్క్‌షాపుకి వచ్చి, పనివాళ్ళందరినీ నిలబెట్టి మాట్లాడింది. ఆమె ఇంగ్లీషుని తెలుగులోకీ హిందీలోకీ మార్చి చెప్పింది శాంతిప్రియే.

సముద్రం కోసేస్తున్న ఆ గోడని నిలబెట్టడానికి ట్రావెల్ కంపెనీ సాయం చేస్తోందనీ, అందుకే ఆ స్థలాన్ని కనిపెట్టుకుని ఉన్న కుటుంబాలు ఫోటోకి ఒప్పుకున్నాయనీ నోహెయా చెప్పింది. షరతు ఒక్కటే. ఫోటోలో ఏదీ తీసెయ్యకూడదు, ఏదీ కలపకూడదు. అక్షరం కూడా ఆ వైపు పడకూడదు. బయటివాళ్ళకి అది రాయి, మాకు మాత్రం మా ఇంటి పెద్దావిడ, అడక్కుండా మేము కూడా ముట్టుకోం అంది.

శాంతిప్రియ ఆరు పెట్టెలూ విప్పింది. మొదటి రెండింటిలో వంద వంద సంచులు, శుభ్రంగా ఉన్నాయి. మూడో పెట్టెలో మొదటి పదకొండూ శుభ్రంగా ఉన్నాయి. రెండువందల పన్నెండో సంచి నుంచి ఆఖరి దాకా, ఒక్కటీ తప్పకుండా, మూడువందల ఎనభై తొమ్మిది సంచుల మీద బొట్టు ఉంది.

నోహెయా మధ్యాహ్నం మూడింటికి సరుకు చూసుకోవడానికి వస్తోంది.

ప్రొడక్షన్ మేనేజరు రామ్మోహనరావుని వర్క్‌షాపులో అందరూ అరబ్బీలో ముదీర్ అంటారు. ఆయన నాలుగు సంచులు చూశాడు. ఐదోది చూడలేదు. తబ్రేజ్‌ని పిలవమన్నాడు.

తబ్రేజ్‌ది నెల్లూరు. కంప్యూటర్ ముందు కూర్చుని ఫోటోలు ప్రింటుకి సిద్ధం చెయ్యడం అతని పని. చేతిలో పనితనం ఉంది, ఆగలేని గుణమూ ఉంది. నాలుగు నెలల కిందట ఒక రిసార్టు వాళ్ళ ఫోటోలో ఖాళీ ఆకాశం చూసి ఊరుకోలేక తెల్లకొంగల గుంపుని పెట్టాడు. రిసార్టు వాళ్ళు రచ్చ చేశారు. ఇంకొక్కసారి ఇలా జరిగితే వీసా క్యాన్సిల్ అని ముదీర్ రాతపూర్వకంగా ఇచ్చాడు. ఆ కాగితం ఫైల్లో ఉంది.

"బొట్టు నువ్వే పెట్టావా?" అన్నాడు ముదీర్.

"నేనెందుకు పెడతా సార్ బొట్టు? నాకేం పని?"

"కొంగలు ఎందుకు పెట్టావు?"

తబ్రేజ్ తల దించుకున్నాడు. "ఆకాశం బోసిగా ఉందని పెట్టా సార్. తప్పేనని ఆ రోజే ఒప్పుకున్నా కదా."

"ఇప్పుడు రాయి బోసిగా ఉందనిపించిందా?"

తబ్రేజ్ పరిగెత్తుకెళ్ళి ఫైలు తెరిచి చూపించాడు. తెర మీద రాయి శుభ్రంగానే ఉంది. ముదీర్ ఆ సాక్ష్యాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఫైలు మార్చడానికి రెండు నిమిషాలు పడుతుంది, తిరిగి మార్చడానికి ఇంకో రెండు నిమిషాలు. రంగన్నాక అది కంప్యూటర్లోంచే రావాలి, కంప్యూటర్ ముందు కూర్చునేది ఒక్కడే. ఆవిడ వచ్చాక ఎవరు చేశారని అడుగుతుంది, ఒక మనిషిని చూపించాలి అన్నాడు. ఆఫీసులో అమ్మాయిని పిలిచి క్యాన్సిలేషన్ కాగితం టైపు చెయ్యమన్నాడు. మూడింటికి ఆవిడ ఎదురుగానే సంతకం పెడతానన్నాడు.

"ఖలాస్. పోయి కూర్చో."

తబ్రేజ్ కూర్చోలేదు. ప్యాకింగ్ బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అతని భార్య తరన్నుమ్‌కి ఎనిమిదో నెల. అజ్మాన్‌లో ఒక గది ఫ్లాటు. ఆమె వీసా, ఆస్పత్రి ఇన్సూరెన్సు రెండూ ఇతని ఉద్యోగం మీదే ఆధారపడి ఉన్నాయి. ఉద్యోగం పోతే కాన్పు ఏ దేశంలో, ఏ ఆస్పత్రిలో అన్నది కూడా తెలియదు. విమానంవాళ్ళు ఎక్కించుకుంటారో లేదో కూడా తెలియదు. ఇవన్నీ శాంతిప్రియకి తెలుసు. కిందటి వారమే పాత చీరలు చింపి పొత్తిగుడ్డలు కుట్టిచ్చింది.

"నేను పెట్టలేదక్కా," అన్నాడు. "నువ్వు నమ్మకపోయినా పర్లేదు. చూడు, చాలు. చూడ్డమే కదా నీ పని."

అతను వెళ్ళాక శాంతిప్రియ భూతద్దం తీసింది.

ప్రింటులో ఏ రంగైనా దగ్గరగా చూస్తే సన్నటి ఇసక జల్లినట్టు కనబడుతుంది. రాయి నలుపు అలాగే ఉంది. సముద్రం నీలం అలాగే ఉంది. బొట్టు మాత్రం అలా లేదు. ముద్దగా, ఒకే రంగుగా ఉంది. పైగా ఏ రెండు బొట్లూ ఒక్కలా లేవు. ఒకటి వెంట్రుకవాసి ఎడమకి, ఒకటి కుడికి. ఒకటి నిండుగా, ఒకటి పలచగా. కంప్యూటర్ మూడువందల ఎనభై తొమ్మిదిసార్లు మూడువందల ఎనభై తొమ్మిది రకాలుగా పెట్టదు. అది చేత్తో పెట్టింది.

అయితే సంచి మీద చేత్తో పెడితే రంగు పైపైన ఉండాలి. గోరుతో గీకితే రావాలి. ఇది గుడ్డలోకి ఇంకిపోయింది.

ఆమె హీట్ ప్రెస్ వైపు చూసింది. పద్ధతి అందరికీ తెలిసిందే. బొమ్మ ముందు కాగితం మీద పడుతుంది. ఆ కాగితాన్ని సంచి మీద బోర్లా పరిచి ప్రెస్ కింద పెడితే, రెండువందల డిగ్రీల వేడికి ఇంకు ఆవిరై గుడ్డలోకి దిగుతుంది. కాగితం మీద ఉన్నప్పుడు ఆ ఇంకు రంగులన్నీ చచ్చినట్టు, మట్టిరంగులో ఉంటాయి. వేడి తగిలితేనే ఎరుపు ఎరుపవుతుంది. అంటే బొట్టు పెట్టినవాళ్ళు కాగితం మీద పెట్టారు. నల్లటి రాయి మీద మట్టిరంగు చుక్కని ఎవరూ గమనించలేదు.

చెత్తడబ్బాలో వాడిన కాగితాలు ఇంకా ఉన్నాయి. ఇంకు పోయాక వాటి మీద బొమ్మ నీడ మిగులుతుంది. ఒకదాన్ని చదును చేసి భూతద్దం పెట్టింది. బొట్టు ఉన్నచోట సన్నటి గీతలు, ఒకదానిలో ఒకటి చుట్టుకుంటూ కనిపించాయి. వేలిముద్ర.

ఆ తర్వాత ఆమె ప్రెస్ చీటీ తెచ్చుకుంది. ఏ గంటకి ఎన్ని సంచులయ్యాయో ప్రెస్ నడిపే మనిషి అందులో రాయాలి. శుక్రవారం తొమ్మిదింటికి మొదలు. పన్నెండూ ముప్పావుకి రెండువందల పదకొండు. ఆ తర్వాత రెండూ పదికి కూడా రెండువందల పదకొండే. గంటకి పైగా ప్రెస్ ఆగిపోయింది. కారణం రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.

శుక్రవారం ఆ వేళ జుమా నమాజు. తబ్రేజ్, ఇంకో ఏడుగురు మసీదుకి వెళ్ళారు. శాంతిప్రియ, ముదీర్ అరపూట పనిచేసి అప్పటికే బస్సెక్కేశారు. షెడ్డులో మిగిలింది ఒక్క మనిషి.

నిజానికి అతని పేరు ఆమెకి మొట్టమొదట తట్టాలి. తట్టలేదంటే కారణం ఆ మనిషే. ఆదిశేషుది మండపేట వైపు. యాభైయారేళ్ళు. పదకొండేళ్ళుగా అదే ప్రెస్ దగ్గర నిలబడుతున్నాడు. కాగితం మీద వెంట్రుక కనిపిస్తే వెనక్కి పంపేస్తాడు. అరంగుళం వంకరని ఒప్పుకోడు. కొత్తవాళ్ళని తిట్టాల్సి వచ్చినప్పుడల్లా ముదీర్ ఆదిశేషుని చూసి నేర్చుకోండి అంటాడు. కుర్రాళ్ళు చాటుగా ఆయన్ని స్కేలుబద్ద అని పిలుస్తారు. భార్య పోయి రెండున్నరేళ్ళయింది. ఆ సంగతి ఆయన ఎవరితోనూ మాట్లాడడు.

భోజనాల వేళ ఆమె ప్రెస్ వెనక్కి వెళ్ళింది. ఆదిశేషు పెట్టె మీద ఒంటరిగా కూర్చుని పులుసన్నం తింటున్నాడు. స్పూనుతో. కుడిచేతికి పనిలో వేసుకునే తెల్లటి గ్లవుజు అలాగే ఉంది. గోదావరి మనిషి పులుసన్నం స్పూనుతో తినడం శాంతిప్రియ ఎప్పుడూ చూడలేదు.

కాగితం తీసి ఆయన టిఫిన్ పక్కన పెట్టింది. "ఇది చూడండి బాబాయ్."

ఆయన చూశాడు. స్పూను ఆగింది. "నాకేం తెలుసమ్మా."

"శుక్రవారం మిషను గంటకి పైనే ఆగింది."

"వేడెక్కింది. ఆపాను."

"చీటీలో రాయలేదు మీరు. పదకొండేళ్ళలో ఎప్పుడైనా రాయకుండా ఉన్నారా?"

ఆయన టిఫిన్ మూత పెట్టేశాడు. సగం అన్నం అలాగే ఉంది. కాగితాన్ని మళ్ళీ చూడలేదు.

శాంతిప్రియ కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. ఈ వయసులో ఈ మనిషిని పంపేస్తే ఇంకెక్కడా ఎవరూ తీసుకోరు. ఈయన పేరు చెప్పకపోతే అజ్మాన్‌లో ఆ పిల్ల ఏమైపోతుంది?

"మూడింటికి ఆవిడొస్తుంది," అంది. "ఈ కాగితం తీసుకెళ్ళి బల్ల మీద పెడతాను. ఎవరి వేలని అడిగితే నేను చెప్పను బాబాయ్. చెప్పాల్సింది నేను కాదు."

ఆయన స్పూను తుడుచుకున్నాడు. చివరికి, తబ్రేజ్ కాగితం టైపు చేసేశారా అని మాత్రం అడిగాడు. చేశారు, సంతకమే మిగిలిందని చెప్పింది. ఆదిశేషు లేచి ప్రెస్ స్విచ్ వేశాడు. టీషర్టుల కట్ట ముందుకి లాక్కున్నాడు.

మూడయ్యేసరికి నోహెయా వచ్చింది. అరవై దగ్గర పడిన మనిషి. నెరిసిన జుట్టు వెనక్కి ముడేసుకుంది. ముదీర్ గదిలో పొడుగాటి బల్ల మీద సంచి ఒకటి పరిచి ఉంది. దానికటువైపు క్యాన్సిలేషన్ కాగితం. గోడకి ఆనుకుని తబ్రేజ్ నిలబడ్డాడు.

నోహెయా సంచిని చూసింది. కేకలు వెయ్యలేదు. సంచి అంచు మీద ఎవరో పెట్టిన టీకప్పుని తీసి దూరంగా పెట్టింది. ఆ తర్వాత ఇంకా చూస్తూనే ఉంది. 

ముదీర్ ఇంగ్లీషులో గబగబా చెప్పుకొచ్చాడు. ఒక ఆపరేటర్ చేసిన పొరపాటు, అతన్ని ఈ రోజే పంపేస్తున్నాం, బుధవారం పొద్దుటికి మూడువందల ఎనభై తొమ్మిది కొత్త సంచులు ఇస్తాం, ఇవన్నీ ముక్కలు చేయించేస్తాం.

ముక్కలు చెయ్యొద్దని నోహెయా చెయ్యి అడ్డం పెట్టింది. కాల్చొద్దు కూడా అంది. ఇవి బయట పంచడానికి వీల్లేదు, అన్నీ తానే తీసుకెళ్తానంది. తర్వాత నెమ్మదిగా ఇంకో మాట చెప్పింది. మా దగ్గరికి వచ్చే యాత్రికులు ఆవిడ పాదాల దగ్గర అడక్కుండా ఏవేవో పెట్టి పోతుంటారు, నాణేలు, పూసలు, ఒకసారి సీసా. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో తెలియకుండానే మేము తీసేస్తూ ఉంటాం. ఈసారి నేను అడగగలను. ఇంటికెళ్ళి ఆవిడ నుదుటి మీద ఏం పెట్టారో మావాళ్ళకి చెప్పాలి. అందుకని పెట్టిన మనిషి నోటితోనే వినాలి. ఉద్యోగంలో ఉంచుతారో పంపుతారో అది మీ ఇష్టం.

ముదీర్ తబ్రేజ్ వైపు తిరిగాడు. "చెప్పు."

"నాకు తెలీదు సార్," అన్నాడు తబ్రేజ్. అప్పటికే నూరోసారి అన్నట్టు, నమ్మించాలనే ఆశ లేకుండా అన్నాడు.

ముదీర్ పెన్ను క్యాప్ తీశాడు.

శాంతిప్రియ ముందుకొచ్చి వాడిన కాగితాన్ని క్యాన్సిలేషన్ కాగితం మీద పెట్టింది. బొట్టు ప్రింటుకి ముందు పడలేదనీ, ప్రింటు తర్వాత కాగితం మీద వేలితో పెట్టారనీ, శుక్రవారం ఒంటిగంట ప్రాంతంలో పెట్టారనీ, ఆ టైముకి తబ్రేజ్ మసీదులో ఉన్నాడనీ చెప్పింది. ప్రెస్ చీటీ పక్కన పెట్టింది. ముదీర్ చీటీ చూశాడు. చీటీ మీద ఎవరి సంతకం ఉందో ఆయన చదువుకున్నాడు, కానీ నమ్మలేదు.

"ఇది ఎవరి వేలమ్మా?"

శాంతిప్రియ చెప్పనని మాటిచ్చింది. కానీ ఎదురుగా తబ్రేజ్ కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. నోరు తెరిస్తే ఏం మాట వస్తుందో ఆమెకే తెలియలేదు.

తలుపు చప్పుడైంది.

ఆదిశేషు లోపలికొచ్చాడు. ప్రెస్ ఆపి వచ్చినట్టున్నాడు, చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయింది. గ్లవుజు తీసి ఎడంచేత్తో పట్టుకున్నాడు. కుడిచేతి ఉంగరం వేలు మొదటి కణుపు దాకా ఎర్రమట్టి రంగులో ఉంది. మూడురోజులు సబ్బుతో తోమినా పోని రంగు.

నోహెయా కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు. శాంతిప్రియ వైపు తిరిగాడు.

"నేను తెలుగులోనే చెప్తానమ్మా. ఆవిడకి నువ్వు చెప్పు. ఒక్క ముక్క కూడా వదలకు."

తర్వాత ముదీర్ వైపు చూశాడు.

"పెట్టింది నేనేనండి. ఈ కుర్రాడికి ఏమీ తెలీదు. ముందు ఆ కాగితం చింపెయ్యండి మేనేజరు గారూ. ఆ తర్వాత మాట్లాడతాను."

ముదీర్ కాగితాన్ని రెండుగా చింపేదాకా ఆయన ఆగాడు.

"శుక్రవారం అందరూ నమాజుకి వెళ్ళారు. నేనొక్కణ్ణే ఉన్నాను. అప్పటికి రెండొందల పదకొండు కాగితాలు పరిచానండి, ఏమీ అనిపించలేదు. రెండొందల పన్నెండోది కాస్త వంకరగా ఉన్నట్టు తోచింది. చూద్దామని దగ్గరికి తీసుకున్నాను. ఆ రాయి నా మొహానికి ఇంత దగ్గరకొచ్చింది. వానలో తడిసి, అప్పుడే తలంటు పోసుకున్నట్టుంది. ఈవిడ ఆ రోజు చెప్పారు కదా, ఇది మా ఇంటి పెద్దావిడ అని. స్నానం చేయించి బొట్టు పెట్టకుండా వదిలేసినట్టుందండి నాకు.

ట్రేలో మిగిలిన ఎర్ర ఇంకులో కాస్త పసుపు ఇంకు కలిపాను. గ్లవుజు తీసి పెట్టాను. ఒక్కదానికేలే, ఆ కాగితం పాడయిందని పారేద్దాం అనుకున్నాను. కింద కాగితం చూస్తే మళ్ళీ ఆవిడే. మళ్ళీ బోసి మొహమే. ఒకదానికి పెట్టి రెండోదాన్ని ఎలా వదిలేస్తాను? మిషను ఆపేసి కట్టంతా ముందేసుకు కూర్చున్నాను. అన్నం తినాలని కూడా గుర్తులేదు.

మా వాళ్ళలో మొగుడుండగా పోయిన ఆడమనిషికి ఆఖరి బొట్టు మొగుడే పెట్టాలండి. ఆడవాళ్ళు స్నానం చేయించి, పసుపు రాసి, పక్కకి తప్పుకుంటారు. అప్పుడతను పెడతాడు. అదయ్యాకే గుమ్మం దాటిస్తారు. మా ఆవిడ మాణిక్యాంబ రెండువేల ఇరవయ్యొకటి మే నెలలో పోయింది. కాకినాడ ఆస్పత్రిలో, కరోనాతో. కవర్లో చుట్టి, జిప్పు వేసి, అలాగే బండెక్కించారు. మా బావమరిది గేటు బయట నిలబడి చూశాడంతే. బొట్టు లేకుండా వెళ్ళిపోయింది.

ఆవిడకి చెప్పమ్మా. అవమానం చెయ్యాలని కాదు. కానీ మీవాళ్ళ మనిషిని అడక్కుండా ముట్టుకున్నాను. అది తప్పే. వీసా ఉంచుతారో తీసేస్తారో, దేనికైనా నేను సిద్ధంగానే ఉన్నాను."

శాంతిప్రియ చెప్పింది. ఒక్క ముక్క కూడా వదల్లేదు. నోహెయా సంచి మీద చెయ్యి పెట్టి విన్నది. అంతా అయ్యాక ఆమె ఒక్కటే అడిగింది. మీరక్కడ ఎందుకు లేరు?

జవాబు ముదీరే ఇచ్చాడు. అప్పుడు విమానాలన్నీ బంద్ మేడమ్, ఎవరమూ వెళ్ళలేకపోయాం అన్నాడు.

ఆదిశేషు తల అడ్డంగా ఊపాడు.

"ఆ మాట ఈయనకి నేను చెప్పిందేనమ్మా. మేముండే కేంపులో అందరికీ అలాగే చెప్పాను. మా అమ్మాయిక్కూడా. ఇండియా నుంచి ఇటు రావడానికి విమానాలు లేవు. ఇటు నుంచి అటు వెళ్ళడానికి ఉన్నాయండి. మాణిక్యం ఆస్పత్రిలో తొమ్మిది రోజులుంది. ఆ తొమ్మిది రోజులూ ఉన్నాయి. వెళ్తే తిరిగి రానివ్వరు, నా మిషను దగ్గర ఇంకొకణ్ణి నిలబెడతారు అని భయపడ్డాను. అమ్మాయి నర్సింగ్ చదువు సగంలో ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. ఇవాళా అదే భయం. తొమ్మిదింటికి తబ్రేజ్‌ని పిలిచారని తెలుసు. వీడి పెళ్ళాం సంగతి కూడా తెలుసు. అన్నీ తెలిసి, నోరు మూసుకుని టీషర్టులు కొట్టుకుంటూ కూర్చున్నాను.

ఆస్పత్రిలో చేరిన మూడోరోజున మాణిక్యం ఫోన్ చేసింది. వస్తున్నారా అనడిగింది. టిక్కెట్లు దొరకట్లేదే అన్నాను. టిక్కెట్టు అప్పటికి నా ఫోన్లోనే ఉందండి. కొన్నాను. ఆ రాత్రే క్యాన్సిల్ చేసుకున్నాను. సరేలెండి, జాగ్రత్త అంది. అదే తన ఆఖరి మాట.

ఇది కూడా ఆవిడకి చెప్పమ్మా. విమానం ఉంది. నేనే ఎక్కలేదు."